జిల్లేడులో ఏది ఏది? పెద్దది, చిన్నది, తెల్లది తేల్చుకునే పద్ధతి

"మా ఇంటి వెనక ఉన్నది తెల్ల జిల్లేడేనా?" అని ఫోటో పంపి అడిగేవాళ్ళు ఏడాది పొడుగునా ఉంటారు. వినాయక చవితికి, రథసప్తమికి ముందు మరీ ఎక్కువ. ఆ ఫోటోలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. నాలుగడుగుల దూరం నుంచి తీస్తారు, ఆకులు బాగా పడతాయి, పూలు మసకగా ఉంటాయి. అలాంటి ఫోటో చూసి జిల్లేడు అని చెప్పగలం. ఏ జిల్లేడో చెప్పలేం.

మన దగ్గర దొరికే జిల్లేళ్ళను తేల్చాలంటే మొగ్గ, రేకులు, పువ్వు మధ్యనున్న కిరీటం చూడాలి. అదీ ఇదే వరుసలో. రంగు చివరికి రావాలి. అందరూ దానితోనే మొదలుపెడతారు, చిక్కంతా అక్కడే వస్తుంది.

## 1. ముందు ప్రశ్న సరిగ్గా వేసుకోండి

జిల్లేడు అనే పేరు కింద మనకు కనిపించేవి రెండు వేర్వేరు జాతులు.

- పెద్ద జిల్లేడు: కాలోట్రోపిస్ జైజాంటియా. ఊదా రంగు పూలవీ, పూర్తిగా తెల్ల పూలవీ రెండూ ఇందులోనివే.
- చిన్న జిల్లేడు: కాలోట్రోపిస్ ప్రొసెరా. రేకులు తెలుపు, లోపలివైపు కొనలు మాత్రం ముదురు ఊదా.

పెద్ద, చిన్న అన్నవి పూల సైజును బట్టి ఇక్కడ వాడుతున్న పేర్లు. ఊళ్ళల్లో పిలిచే పేర్లు ఇంత కచ్చితంగా ఉండవు. ఒక ఊళ్ళో తెల్ల జిల్లేడు అన్నదాన్ని పక్క ఊళ్ళో ఇంకో పేరుతో పిలుస్తారు. స్థానిక పేరు రాసిపెట్టుకోండి కానీ దాన్ని బట్టి జాతిని తేల్చకండి.

ఇక ఉపజాతి, రూపం అనే మాటలు. ఒకే జాతి మొక్కలు వేర్వేరు ప్రాంతాల్లో స్థిరమైన తేడాలతో పెరుగుతుంటే వాటిని ఉపజాతులుగా విడదీస్తారు. ఒకే చోట, ఒకే గుంపులో ఒక మొక్క ఊదాగా, పక్క మొక్క తెల్లగా పూస్తే అది రంగు రూపం మాత్రమే. పెద్ద జిల్లేడులోని తెలుపు ఈ రెండో కోవలోకి వస్తుంది. దాన్ని వేరే జాతి అనీ, ఉపజాతి అనీ రాయడం తప్పు.

కాబట్టి తేల్చే వరుస ఇది: జిల్లేడా కాదా, రెండిట్లో ఏ జాతి, ఏ రంగు రూపం, ఆ తర్వాతే ఉపజాతి.

## 2. సామాను, సమయం, కళ్ళ జాగ్రత్త

దగ్గర ఉండాల్సినవి:

- పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం, లేదా ఫోనుకు తగిలించే మాక్రో లెన్స్
- 15 సెం.మీ. స్కేలు
- నల్ల కాగితం ఒకటి, తెల్ల కాగితం ఒకటి
- కొత్త బ్లేడు
- చేతి గ్లవుజులు, కళ్ళద్దాలు
- శుభ్రమైన నీళ్ళ బాటిల్, పాత న్యూస్‌పేపరు

జిల్లేడు దాదాపు ఏడాదంతా పూస్తుంది, అయినా ఎండాకాలంలో చూడటం తేలిక. ఒకే కొమ్మ మీద మొగ్గలు, పూలు, కాయలు కలిసి దొరుకుతాయి. ఎండ ముదరకముందు వెళ్ళండి. నడి మధ్యాహ్నం వెలుతురులో తెల్లరేకుల ఫోటోలు తెల్లబారిపోయి, లోపలి ఊదా మచ్చ పడదు.

పాల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ఆకు తుంచినా, కొమ్మ విరిచినా కారే ఆ పాలలో గుండె మీద పనిచేసే విషపదార్థాలుంటాయి. నోట్లోకి పోకూడదు. కంటికి ఇంకా ప్రమాదం. పాలు పడ్డ వెంటనే పెద్దగా నొప్పి తెలియకపోవచ్చు, దాంతో జనం పట్టించుకోరు. తర్వాత కార్నియా (కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొర) వాచి చూపు మసకబారుతుంది. కంట్లో పడితే కనీసం పావుగంట సేపు శుభ్రమైన నీళ్ళతో కడిగి, నొప్పి ఉన్నా లేకపోయినా కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. పసరు వైద్యాలు వద్దు.

రథసప్తమి నాడు తల మీద, భుజాల మీద ఆకులు పెట్టుకుని స్నానం చేసేవాళ్ళకూ ఇదే మాట. ఆకులు ముందే కోసి, తొడిమల దగ్గర పాలు కారిపోయాక బాగా కడిగి వాడండి. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త.

## 3. అసలు జిల్లేడేనా?

ఇది తేలికే, అర నిమిషం చాలు. ఈ నాలుగూ ఉండాలి:

- ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా ఉంటాయి. ఒక జత తూర్పు పడమరలకు ఉంటే, తర్వాతి జత ఉత్తర దక్షిణాలకు ఉంటుంది.
- ఆకుకు కాడ దాదాపు ఉండదు. ఆకు అడుగు భాగం కొమ్మను కావలించుకున్నట్టు ఉంటుంది.
- లేత భాగాల మీద తెల్లని నూగు. వేలితో రుద్దితే ఊడి వస్తుంది.
- ఎక్కడ తుంచినా తెల్లని పాలు.

దూరం నుంచి మోసం చేసేవి రెండున్నాయి. చెరువు గట్లు, కాలవల వెంట పెరిగే లొట్టపీసుకు కూడా పాలుంటాయి, లేత ఊదా పూలుంటాయి. కానీ దాని ఆకులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, వాటికి పొడుగు కాడ ఉంటుంది, పువ్వు గరాటు ఆకారంలో ఉంటుంది. రెండోది కంచెల మీదికి పాకే రబ్బరు తీగ. దాని ఆకులు నున్నగా మెరుస్తాయి, నూగు ఉండదు. కాయలు జంటగా గట్టిగా నిలబడతాయి.

## 4. మొగ్గ చూడండి

రేపో ఎల్లుండో విచ్చుకునే పెద్ద మొగ్గను ఎంచుకోండి. చిట్టి మొగ్గలు రెండు జాతుల్లోనూ గుండ్రంగానే కనిపిస్తాయి, వాటితో పని జరగదు.

మొగ్గను పక్క నుంచి చూడండి. వెడల్పు కంటే ఎత్తు ఎక్కువై, కోలగా, అయిదు పలకలు తేలి ఉంటే పెద్ద జిల్లేడు. ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానమై గుండ్రంగా ఉంటే చిన్న జిల్లేడు.

ఒక్క మొగ్గతో ఆగకండి. వేర్వేరు గుత్తుల నుంచి అయిదారు చూడండి. జిల్లేడు మొగ్గల మీద పసుపు రంగు పేనుబంక తరచూ పడుతుంది. అది పీల్చిన మొగ్గలు వంకరపోతాయి, వాటిని వదిలేయండి.

## 5. రేకులు ఎటు తిరిగాయి?

పూర్తిగా విచ్చుకున్న పువ్వును కోయకుండా, కొమ్మ మీదే పక్క నుంచి చూడండి.

పెద్ద జిల్లేడు: రేకులు వెడల్పుగా పరుచుకుని కిందికి వంగుతాయి. అంచులు కాస్త మెలి తిరుగుతాయి. దాంతో మధ్యనున్న కిరీటం మొత్తం బయటికి కనిపిస్తుంది. పువ్వు అడ్డకొలత సుమారు 3 నుంచి 4 సెం.మీ.

చిన్న జిల్లేడు: రేకులు పైకి నిలబడి ఉంటాయి. కిరీటం వాటి మధ్య లోపల కూర్చుని ఉంటుంది. పువ్వు అడ్డకొలత 2.5 సెం.మీ. అటూ ఇటూ. దగ్గరగా వాసన చూస్తే పరిమళం తెలుస్తుంది. పెద్దదానికి వాసన లేదనే చెప్పాలి.

ఇక్కడ తరచూ పొరపడేది పువ్వు వయసు దగ్గర. అప్పుడే విచ్చుకున్న పెద్ద జిల్లేడు పువ్వులో రేకులు ఇంకా పైకే ఉంటాయి. వాడిపోతున్న చిన్న జిల్లేడు పువ్వులో రేకులు కొంచెం జారతాయి. గుత్తిలో మధ్య వయసు పూలను చూసి నిర్ణయించండి.

## 6. కిరీటం: తీర్పు ఇక్కడే

పువ్వు మధ్యలో ఒక చిన్న స్తంభం ఉంటుంది. కేసరాలు, కీలాగ్రం ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఏర్పడిన స్తంభం అది. దాని నెత్తిన అయిదు కోణాల చదునైన మూత. ఈ స్తంభానికి చుట్టూ అతుక్కుని అయిదు కండగల పలకలు నిలబడి ఉంటాయి. ఈ అయిదింటినీ కలిపి కిరీటం అంటారు. ప్రతి పలక అడుగున ఒక కొక్కెం బయటికి మెలి తిరిగి ఉంటుంది. అది రెండు జాతుల్లోనూ ఉంటుంది కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

చేయాల్సింది ఇది:

1. పువ్వును కోసి, పాలు కారనిచ్చి, కాగితంతో ఒత్తి తుడవండి.
2. ముందువైపున్న రెండు రేకులు తీసేయండి. కిరీటం పక్క నుంచి కనిపించాలి.
3. లేతరంగు పువ్వైతే నల్ల కాగితం మీద, ముదురుదైతే తెల్ల కాగితం మీద పెట్టండి.
4. స్కేలు పక్కన పెట్టి, భూతద్దంతో ఒక్క పలకను మాత్రమే గమనించండి.

మూడు ప్రశ్నలు వేసుకోండి.

పలక కొన స్తంభం నెత్తి దాకా వచ్చిందా? పెద్ద జిల్లేడులో పలకలు స్తంభం కంటే పొట్టి, నెత్తిమీది మూత వాటికి పైన తేలి ఉంటుంది. చిన్న జిల్లేడులో పలకలు స్తంభంతో సమానంగానో, కొంచెం ఎత్తుగానో ఉంటాయి.

పలక కొనకు కాస్త కింద, రెండు పక్కలా చిన్న గుండ్రని చెవులు ఉన్నాయా? ఉంటే పెద్ద జిల్లేడు. చిన్నదానికి ఈ చెవులుండవు.

పలక మీద నూగు ఉందా? పెద్దదానికి సన్నని నూగు ఉంటుంది, చిన్నది నున్నగా ఉంటుంది. ఈ ప్రశ్నకు మంచి వెలుతురు కావాలి. కనపడకపోతే మొదటి రెండిటితో సరిపెట్టుకోండి.

మూడింటికి మూడూ ఒకవైపే చెబితే జాతి తేలిపోయినట్టే. చెవుల విషయం స్పష్టంగా కనిపించి మిగతావి తటపటాయిస్తే నేనైతే చెవుల మాటే వింటాను. పువ్వు వాడినా, పాలిపోయినా, రంగు మారినా అవి అలాగే ఉంటాయి.

## 7. కాయ, ఆకు, మొక్క ఎత్తు: సాక్షులే కానీ జడ్జీలు కారు

కాయ కొంత ఉపయోగపడుతుంది. చిన్న జిల్లేడు కాయ ఉబ్బి, పచ్చి మామిడికాయలా బొద్దుగా ఉంటుంది. నొక్కితే లోపల బోలుగా, మెత్తగా తగులుతుంది. పెద్దదాని కాయ సాధారణంగా సన్నగా, పడవ ఆకారంలో వంగి ఉంటుంది. కానీ లేత కాయలు, పురుగు పట్టిన కాయలు రెండిటి మధ్యలో ఉంటాయి. బాగా ముదిరి, ఇంకా పగలనివి చూడాలి. లోపలి గింజలకు పట్టుదూది రెండు జాతుల్లోనూ ఉంటుంది.

ఆకు సైజుతో జాతిని తేల్చలేం. నీరున్న చోట చిన్న జిల్లేడు ఆకు కూడా చాటంత అవుతుంది, బీడులో పెద్దదాని ఆకు కుదించుకుపోతుంది. ఎత్తు కూడా అంతే.

ప్రాంతం ఒక సూచన ఇస్తుంది. రాజస్థాన్, పంజాబ్ వంటి పొడి నేలల్లో చిన్న జిల్లేడు బాగా ఎక్కువ. మన కోస్తా జిల్లాల్లో రోడ్ల పక్కన కనిపించేది ఎక్కువగా పెద్దదే. తెలంగాణ, రాయలసీమ పొడి బీళ్ళలో రెండిటికీ సిద్ధపడి వెళ్ళండి. ఊరిని బట్టి ఊహించండి, పువ్వును బట్టి నిర్ణయించండి.

మొక్క మీది పురుగులు దారి చూపవు. రంగురంగుల జిల్లేడు మిడత, చారల గొంగళిపురుగు, నల్లని పెద్ద తుమ్మెద రెండిటి మీదికీ వస్తాయి.

## 8. ఇప్పుడు రంగు

జాతి తేలాకే ఈ మెట్టు ఎక్కండి.

పెద్ద జిల్లేడు అని తేలిందనుకోండి. రేకులు, కిరీటం రెండూ ఊదా ఛాయల్లో ఉంటే మామూలు రూపం. రేకు పైవైపు, కిందవైపు, కిరీటం, అన్నీ తెలుపుగానో మీగడ రంగులోనో ఉండి ఎక్కడా ఊదా లేకపోతే తెల్ల రూపం. ఎండకు వెలిసిపోయిన ఊదా పువ్వు తెలుపులా కనిపిస్తుంది, కాబట్టి నీడవైపు గుత్తిలో కొత్త పువ్వును చూడండి.

చిన్న జిల్లేడు అని తేలితే తెల్ల జిల్లేడు ప్రశ్నే లేదు. అసలు గందరగోళం ఇక్కడిదే. చిన్న జిల్లేడు రేకుల బయటివైపు తెలుపు. రేకులు పైకి నిలబడి ఉంటాయి గనుక దూరం నుంచి మనకు కనపడేది ఆ బయటివైపే. పై నుంచి తొంగి చూస్తే తప్ప లోపలి ఊదా కొనలు కనపడవు. రోడ్డు మీద నిలబడి చూసినవాళ్ళు తెల్ల జిల్లేడు దొరికిందని సంబరపడటానికి కారణం అదే.

పూత రాని మొక్కను చూసి పూల రంగు చెప్పగలమనేవాళ్ళ మాట నమ్మకండి. నర్సరీలో తెల్ల జిల్లేడు అని అమ్మితే పువ్వు చూపించమనండి, లేదా తెల్లగా పూసే తల్లి మొక్క కొమ్మతో పెంచినదా అని అడగండి. గింజతో పెంచితే తెలుపే వస్తుందన్న హామీ లేదు.

తెల్ల జిల్లేడు వేరుతో చేశామని గణపతి బొమ్మలు అమ్ముతుంటారు. భక్తి మీ ఇష్టం. ఎండిన వేరును కంటితో చూసి పువ్వు రంగు చెప్పడం మాత్రం కుదరదు. ధర పెట్టేముందు అది గుర్తుంచుకుంటే చాలు. చవితి పత్రిలో అర్కపత్రానికీ, అంటే జిల్లేడు ఆకుకూ, ఇదే వర్తిస్తుంది. ఆకు కట్ట చూసి అది ఏ రంగు పూల మొక్కదో ఎవరూ చెప్పలేరు.

## 9. ఉపజాతి రాయాలా, వద్దా?

పెద్ద జిల్లేడుకు ఉపజాతి పేరు వెతకక్కర్లేదు. జాతి పేరు రాసి, పక్కన "తెల్ల పూల రూపం" అనో "ఊదా పూల రూపం" అనో మాటల్లో చేర్చండి.

చిన్న జిల్లేడు విషయంలో ఉపజాతి పేర్లు ఎదురవుతాయి. పాకిస్థాన్, భారత్ వైపు మొక్కలను హామిల్టోనియై అనే ఉపజాతిగా, ఆఫ్రికా వైపువాటిని ప్రొసెరా అనే ఉపజాతిగా చూపించే రచనలున్నాయి. జాతి పేరే ఉపజాతికి మళ్ళీ రావడం చూసి అచ్చుతప్పు అనుకోకండి. ఉపజాతులుగా విడదీసినప్పుడు, జాతికి మొదట పేరు పెట్టిన నమూనా ఏ ఉపజాతిలోకి వస్తే దానికి జాతి పేరే ఇవ్వాలన్నది నియమం. అయితే వర్గీకరణ చేసేవాళ్ళందరూ ఈ విభజనను పాటించరు.

మీరు ఇలా చేయండి:

- మామూలు రికార్డుకు జాతి పేరు దగ్గర ఆగండి. అది పూర్తి గుర్తింపే.
- "ఇండియాలో దొరికింది కాబట్టి హామిల్టోనియై" అని రాయకండి. అది మొక్కను కాదు, మ్యాపును గుర్తించడం.
- ఉపజాతి నిజంగా కావాలంటే పూలు, ముదురు కాయలు రెండూ ఉన్న ఎండు నమూనా తయారుచేసి హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) పోల్చి చూపించుకోండి. హైదరాబాదులో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విభాగాల్లోనూ హెర్బేరియాలుంటాయి.

పాత పుస్తకాల్లో వెతికేవాళ్ళకు ఒక మాట. జిల్లేడు అక్కడ ఆస్క్లెపియడేసీ కుటుంబం కింద ఉంటుంది. ఇప్పుడు దాన్ని గన్నేరు కుటుంబమైన అపోసైనేసీలో కలిపేశారు. మొక్క అదే, అర మారింది.

## 10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

ఫోన్ యాప్ చెప్పింది కదా అని ఒప్పుకోవడం. ఆకుల ఫోటో ఇస్తే యాప్ రెండు జాతుల్లో ఏదో ఒకటి చెప్పేస్తుంది. పక్క నుంచి తీసిన పువ్వు ఫోటో, మొగ్గ ఫోటో ఇచ్చి మళ్ళీ అడగండి. అప్పుడూ చెవులు మీరే చూసుకోండి.

రెండు మొక్కల కొమ్మలు కలిసిపోవడం. జిల్లేళ్ళు గుంపుగా పెరుగుతాయి. ఒకదాని మొగ్గ, పక్కదాని కాయ చూసి టెన్షన్ పడేవాళ్ళు చాలామంది. కొమ్మను మొదలు దాకా వెతికి, దారం కట్టి, ఆ మొక్క భాగాలే చూడండి.

గుర్తులు ఒకదానితో ఒకటి కలవకపోవడం. మొగ్గ గుండ్రం, రేకులు వంగాయి, చెవులున్నాయా లేవా తెలియదు. ఇలాంటప్పుడు బలవంతంగా పేరు పెట్టకండి. "జిల్లేడు, జాతి తేలలేదు" అని రాసి, వారం తర్వాత కొత్త పూలతో మళ్ళీ చూడండి.

## 11. ఎవరికైనా పంపేముందు ఈ ఫోటోలు తీయండి

- మొక్క మొత్తం, పక్కన మనిషో కర్రో కొలతకు
- ఎదురెదురు ఆకులున్న కొమ్మ
- విచ్చబోయే మొగ్గ, పక్క నుంచి
- విచ్చిన పువ్వు పక్క నుంచి ఒకటి, నేరుగా పై నుంచి ఒకటి
- రేకులు తీసిన కిరీటం, స్కేలుతో
- కాయ ఉంటే కాయ

ఊరు, తేదీ, నేల తీరు, స్థానిక పేరు రాయండి. మొక్కల, జంతువుల ఫోటోలు పెట్టి గుర్తింపు అడిగే ఐనాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెడితే ఈ ఫోటోలన్నీ ఒకే పరిశీలన కింద పెట్టండి. విడివిడిగా పెడితే చూసేవాళ్ళకు అవి ఒకే మొక్కవని తెలియదు.

## 12. నమూనా ఎండబెట్టాలంటే

జిల్లేడు తొందరగా ఎండదు. నేరుగా పేపర్ల మధ్య పెడితే బూజు పడుతుంది, ఆకులు రాలిపోతాయి.

1. కొమ్మ కోశాక తలకిందులుగా పట్టుకుని పాలు కారనివ్వండి.
2. లావు కొమ్మను నిలువునా సగానికి చీల్చండి.
3. పూలను పక్కకు పెట్టి, ఆకుల కొమ్మను మరిగే నీళ్ళలో క్షణం ముంచి తీసి తుడవండి.
4. న్యూస్‌పేపర్ల మధ్య బరువు కింద పెట్టి, మొదటి వారం రోజూ పేపర్లు మార్చండి.
5. కాయను అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కోసి విడిగా ఎండబెట్టండి.

బరువు కింద కిరీటం నలిగి, చెవులు కనపడకుండా పోతాయి. అందుకే నాలుగైదు పూలు, రెండు మొగ్గలు 70 శాతం ఆల్కహాలు పోసిన చిన్న సీసాలో వేసి, నమూనా నంబరు పెన్సిలుతో రాసిన చీటీ కూడా అందులోనే వేయండి. పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. పూల రంగు కూడా అందులో పోతుంది, కాబట్టి రంగును తాజా పువ్వు చూస్తూ అక్కడికక్కడే నోట్‌బుక్కులో రాసుకోండి.